సరోజన చేతుల సంత్ర వాసన

నాకు మనుషుల మాటల కన్నా వాసనల మీద నమ్మకం ఎక్కువ. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి కెమిస్ట్రీ చెప్పడం వల్ల అబ్బిన గుణం అనుకోండి. పొద్దున ఒక మాట, మాపటికి ఒక మాట చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. కారణం లేకుండా మారిన వాసనను మాత్రం ఒక్కదాన్నీ చూడలేదు. అందుకని మా పక్కింటి సరోజన గురించి చెప్పమంటే నేను వాసన దగ్గరే మొదలుపెడతాను.

సిరిసిల్లలో మేముండే వాడలో పొద్దుమాపూ సాంచెల చప్పుడే. పవర్‌లూమ్‌ను ఇక్కడ సాంచె అంటారు. ఆ చప్పుడుకు తోడు మిషన్ నూనె వాసన, నూలు దుమ్ము వాసన, మురుగు మోరీల వాసన. ఇన్నిటి మధ్య ఒక్క వాకిట్లోంచి మాత్రం అప్పుడే సంత్ర పండు ఒలిచిన వాసన వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్లు పండ్ల దుకాణం ఏమైనా ఉందా అని తొంగిచూసేవాళ్లు. లోపల పండు ఉండదు. తెల్లబట్ట పరుచుకుని, నడుం వంచి మరకలు తీసే ఆడమనిషి ఒకామె ఉండేది. ఆమే సరోజన. నాకన్నా రెండు మూడేళ్లు పెద్దది కాబట్టి అక్కా అంటాను. ఆమె నన్ను మేడం అంటుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, చివరికి నేనే విసిగి ఊరుకున్నాను.

సాంచె మీద నేసిన బట్టకు మరక తప్పదు. మిషన్‌కు పోసిన నూనె ఎక్కడో ఒకచోట చింది బట్ట మీద పడుతుంది. మరకతో పోతే ఆ బట్టను వ్యాపారి వెనక్కి కొడతాడు. అందుకని గడప దాటేముందు ప్రతి బట్ట తానూ మరకలు తీసేవాళ్ల చేతుల మీదుగా పోవాలి. మరక మీద మందు చుక్క వేయాలి, కింద పాత గుడ్డ పెట్టి వేలితో రుద్దాలి, అద్దాలి, సుద్దపొడి చల్లి దులపాలి. మళ్లీ ఇంకో మరక. మరక ఎంత చిన్నదైతే నడుం అంత ఎక్కువ వంగాలి. సరోజన నడుం వంగి వంగి, లేచి నిలబడ్డా సగం వంగినట్టే ఉంటుంది.

"ఎట్లున్నవ్ అక్కా?" అని అడిగితే, "ఉన్న మేడం. ఊపిరి ఆడుతాంది, ఉన్న," అంటుంది. ఆ జవాబు నేను ఇక్కడికి వచ్చిన కొత్తలోనూ విన్నాను, మొన్నా విన్నాను.

మొదట్లో ఆమె మరకలు తీసే మందు గ్యాసునూనె. అంటే కిరసనాయిలే. తర్వాత పెట్రోలు. ఏది వాడినా వాసన చేతుల్లోకి ఇంకిపోయేది. సబ్బుకు పోదు, బూడిదకు పోదు, నిమ్మచెక్కకు కాస్త తగ్గినట్టే తగ్గి రాత్రికి మళ్లీ లేచేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకుని సీటు మారేవాళ్లు. ఆమె దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఒక్కటే. ఆమెకు ఒక్కతే కూతురు, వనజ. ఆ పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు అత్త శంకరవ్వ ఈమెను దగ్గరికి రానివ్వలేదు. "గా చేతులతోని పొల్లను ముట్టకు, గ్యాసునూనె కంపు. పనికాడికి పో," అనేదట. పిల్లకు నూనె రుద్దినా, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసినా, సాంబ్రాణి పట్టినా అన్నీ శంకరవ్వే. వనజకు ఊహ తెలిశాక తల్లితో ఆమె కూడా అదే పాట, ఇక్కడ అమ్మను అవ్వ అంటారు. "అవ్వా, నువ్వు ముద్ద కలుపకు. వాసనొస్తాంది." పిల్ల మాటే, తెలియక అన్న మాటే. కానీ సరోజన ఆ మాటను నాకు చెప్పినప్పుడు వనజ డిగ్రీ చదువుతోంది. అన్నేళ్లూ ఆ మాట ఆమెకు తగ్గని నొప్పిగానే ఉందన్నమాట.

సంత్ర నూనె ఆ ఇంట్లోకి వచ్చింది వనజ చదువు వల్లే. కరీంనగర్‌లో బీఎస్సీ చదివేటప్పుడు ప్రాజెక్టు పని ఇచ్చారు. వనజ ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివిన పిల్లే కాబట్టి వచ్చి అడిగింది. పండ్ల తొక్కల్లోంచి నూనె తీయమని చెప్పాను. ఖర్చు లేని పని, వాసన మంచిది, పరీక్షకు వచ్చేవాళ్లు సంతోషిస్తారు. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు. ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ సంత్రలు లారీల కొద్దీ దిగే కాలం అది. బస్టాండు దగ్గర జ్యూసు బండ్లవాళ్లు తొక్కలు ఊరికే ఇచ్చారు. తల్లీకూతుళ్లు పాత కుక్కర్‌లో తొక్కలు, నీళ్లు వేసి, మూత మీద విజిల్ తీసేసి, అక్కడ రాగి గొట్టం బిగించి, ఆ గొట్టాన్ని చన్నీళ్ల బకెట్టులోంచి తిప్పి అవతల సీసాలో దించారు. ఆవిరి చల్లబడి నీళ్లయింది. ఆ నీళ్ల మీద పలచని, మెరిసే పొర తేలింది. అదే నూనె. బస్తాడు తొక్కలకు చిన్న సీసాడు కూడా రాలేదు. వాసన మాత్రం వాడంతా నిండింది.

ఆ రోజు సరోజన వేలికి అంటిన మిషన్ నూనె మీద సంత్ర నూనె ఒక చుక్క పడింది. గుడ్డతో తుడిస్తే మురికి మొత్తం వచ్చేసింది. ఆమె వేలి వైపు చూసుకుంది. లేచిపోయి ఒక మరక బట్ట తెచ్చి దాని మీద ఒక చుక్క వేసింది. నేను అక్కడే ఉన్నాను. మరక పోయింది. ఆమె బట్టను వదిలేసి తన చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అట్లాగే పెట్టుకుంది.

"ఇందులో ఏముంటది మేడం?" అని అడిగింది.

చెప్పాను. సంత్ర తొక్క నూనెలో నూటికి తొంభై పాళ్లకు పైనే లిమోనీన్ అనే ఒకటే పదార్థం ఉంటుంది. జిడ్డును కరిగించేది అదే. తమాషా ఏమిటంటే దానికి సొంతంగా పెద్ద వాసన లేదు. సంత్రను సంత్ర చేసేవి మిగతా కొద్ది పాళ్లలో చిటికెడు చిటికెడు ఉండే వేరేవి. పెళ్లి పనంతా ఒకరు చేస్తే పేరు ఇంకొకరికి పోయినట్టు, బరువు మోసేది లిమోనీన్, పేరు తెచ్చుకునేది చిటికెడు పదార్థాలు. అవి కూడా నిలకడ లేనివి. వేడికి పోతాయి, గాలికి పోతాయి, ఎండకు పోతాయి.

"పేరు ఏదైతేంది మేడం," అంది సరోజన, "మరకా పోతాంది, కంపూ పోతాంది."

ఆనాటి నుంచి ఆ ఇంట్లో గ్యాసునూనె లేదు. వనజ ప్రాజెక్టు మరిచిపోయింది, తల్లి మాత్రం వదల్లేదు. సంత్రల కాలం అయిపోతే బత్తాయి తొక్కలు. పొద్దున్నే జ్యూసు బండ్ల దగ్గరికి పోయి సంచి నింపుకుని రావడం, కుక్కర్ పెట్టడం, పైపొర తీసి సీసాలో పోయడం, తర్వాత ఎప్పటిలాగే నడుం వంచడం. పని తగ్గలేదు, నిజానికి పెరిగింది. అలసట కూడా పెరిగింది. కానీ బస్సులో ఎవరూ సీటు మారలేదు. ఒకసారి ఎవరో చిన్నపిల్ల ఆమె చేతిని పట్టుకుని వాసన చూసిందట. ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ కొత్త సంగతిలాగే చెప్పింది. నేనూ కొత్తగానే విన్నాను.

వనజకు శ్రీరాంపూర్ సంబంధం కుదిరింది. అల్లుడు నిరంజన్ బొగ్గుగనిలో పని చేస్తాడు. మంచివాడే, కాస్త మాట తక్కువ. నిరుడు వనజ నెల తప్పింది. తొలి కాన్పు పుట్టింటి వాళ్లదే కాబట్టి ఇక్కడికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. కోత పడింది, వనజకు కింద కూర్చోవడం కష్టం. కాళ్లు చాపుకుని బిడ్డను కాళ్ల మీద వేసుకోవడం అసలు కుదరదు. మూడో నెలలో వనజ అత్త జమున వచ్చి తల్లీబిడ్డలను తీసుకుపోవాలని ముందే మాట అయింది.

"గీ మూడు నెలలు ఒక్కటే అడుగుతున్న మేడం దేవుణ్ణి," అంది సరోజన ఒక మధ్యాహ్నం మా గోడ దగ్గర నిలబడి. "నా బిడ్డకు నేను నీళ్లు పోయలే. నా చేతులు కంపు కొట్టినయి, పోయనియ్యలే. దీనికి పోస్త. నా చేతులతోనే పోస్త."

ఆమె ఏదైనా కావాలని అడగడం నేను వినడం అదే మొదలు. "నీళ్లు పొయ్యి అక్కా, నిన్నెవరు వద్దంటరు?" అన్నాను.

బొడ్డు రాలిన మరునాడు పెరట్లో ఆ పని మొదలైంది. పీట వేసుకుని, కాళ్లు చాపి, పిల్లను బోర్లా వేసుకుని, నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి రుద్దేది. ఆ నూనెలో నాలుగు చుక్కల సంత్ర నూనె కలిపేది. పిల్ల ఒళ్లు మంచి వాసన రావాలని. తనకు అన్నిటికన్నా విలువైన వస్తువు అదే, మనుమరాలికి పెట్టకుండా ఎట్లా ఉంటుంది? ఆ కొద్దిరోజులు ఆమె నడుం నొప్పి మాట ఎత్తలేదు. నీళ్లు పోసి, పిల్లను తుండుగుడ్డలో చుట్టి, గోడ మీంచి నాకు చూపించేది. "సూడుండ్రి మేడం, రాణీ తానమాడింది."

నేను పిల్లనే చూశాను. సరోజన వేళ్ల మీది పగుళ్లను కూడా చూశాను, కానీ మరకలు తీసేవాళ్ల వేళ్లు పగలకుండా ఎట్లా ఉంటాయి? అడిగితే, "సబ్బు పడుతలేదు మేడం," అంది.

తర్వాత పిల్ల వీపు మీద, కాళ్ల మీద ఎర్రగా పొక్కింది. మొదట చెమటకాయ అనుకున్నారు. సలహాలకు మా వాడలో ఎప్పుడూ కరువు లేదు. ఒకరు వేపాకు అన్నారు, ఒకరు దిష్టి అన్నారు, ఒకామె తల్లి తిన్న వంకాయ అంది. దిష్టి తీసిన రాత్రి పొక్కులు ఇంకా పెరిగాయి. పిల్ల గుక్క పట్టి ఏడ్చింది. తెల్లారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన పిల్లను చూశాడు, ఏం రుద్దుతున్నారని అడిగాడు, ఆ తర్వాత సరోజన చేతులు చూపించమన్నాడు. ఆమె కొంగు కింద పెట్టుకున్న చేతులు బయటికి తీసింది. వేళ్ల సందుల్లో నీటిపొక్కులు, అరచేతుల్లో చీలికలు, గోళ్ల పక్కన ఊడొస్తున్న చర్మం. పిల్లకు కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది, ఈ చేతులు మాత్రం పిల్లకు తగలవద్దు అన్నాడు. ఆమెను చర్మ డాక్టరు దగ్గరికి పంపించాడు.

ఆ సాయంత్రం వనజ మా ఇంటికి వచ్చి సంత్ర నూనె సీసా నా చేతిలో పెట్టింది. "మేడం, ఇది ఒక్కసారి సూడుండ్రి," అంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

సీసా సగం ఖాళీగా ఉంది. తెల్ల గాజు సీసా. నూనె పసుపు తిరిగి కాస్త జిగటగా ఉంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సంత్ర లేదు. పైపైన మిగిలిపోయిన తీపి ఏదో ఉంది, దాని కింద అంతా వార్నిష్, టర్పెంటైన్. కొత్త తలుపుకు రంగు వేసిన నాడు గదిలో కొట్టే వాసన. నూనె చెడిందని అర్థమైంది. మూత బిగించి లేచాను.

వాళ్లింటికి పోయాను. సరోజన గోడకు ఆనుకుని కూర్చుంది. సీసా ఆమె ముందు పెట్టాను.

"అక్కా, దీని వాసన నీకు ఎట్ల అనిపిస్తాంది?"

ఆమె మూత తీసి వాసన చూసింది. "సంత్ర వాసనే గద మేడం. ఏమాయె?"

ముక్కు అంతే. రోజూ ఒకే వాసనలో ఉంటే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అది కొద్దికొద్దిగా మారుతూ పోతే అసలు కనిపెట్టదు. అంతకు ముందు ఎన్నో ఏళ్లు గ్యాసునూనె, పెట్రోలు పీల్చిన ముక్కు అది. దాన్ని తప్పు పట్టి లాభం లేదు.

"ఈ నూనె ఎన్నాళ్ల నుంచి ఉన్నది ఈ సీసాల?"

"కొత్తదే మేడం. ఎప్పటికప్పుడు పోస్తనే ఉంట."

"దేని మీద పోస్తవు? పాతదాని మీదనా?"

ఆమెకు నా ప్రశ్న వింతగా అనిపించింది. "మరి పారబోస్తరా?" అంది.

అప్పుడు తెలిసింది సంగతి. సాంచెల కింద రేకు పళ్లెం పెడతారు. మిషన్ నుంచి కారిన నూనె అందులో పడుతుంది. దాన్ని పాత ధోవతి గుడ్డలో వడగట్టి మళ్లీ సాంచెకే పోస్తారు. మా వాడలో నూనె పారబోయడం తప్పు కాదు, పాపం. సరోజన పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు సంత్ర నూనెను వెడల్పాటి గిన్నెలో పోసుకునేది. రోజంతా అది తెరిచే ఉండేది. మాపటికి మిగిలింది గుడ్డలో వడగట్టి మళ్లీ సీసాలో పోసేది. కొత్త నూనె తీసినప్పుడు అదీ అందులోనే. చేతికి అందుతుందని సీసా ఎండ పడే కిటికీలో ఉండేది. ఇట్లా ఏళ్ల తరబడి ఆ సీసా ఒక్కసారి కూడా పూర్తిగా ఖాళీ కాలేదు, పూర్తిగా నిండలేదు.

మిషన్ నూనెకు ఆ పద్ధతి చెల్లుతుంది. సంత్ర నూనెకు చెల్లదు. సగం ఖాళీ సీసా అంటే సగం నిండా గాలి. గాలిలోని ఆక్సిజన్ లిమోనీన్‌ను పట్టుకుంటుంది. ఎండ, వేడి దానికి తోడవుతాయి. మొదట పెరాక్సైడ్లు పుడతాయి, తర్వాత వేరే వేరేవి. సంత్రకు పేరు తెచ్చిన చిటికెడు పదార్థాలు అప్పటికే ఎగిరిపోయి ఉంటాయి. కొత్త లిమోనీన్ పెద్దవాళ్ల చర్మానికి అంత హాని చేయదు. గాలి తిన్న లిమోనీన్ అట్లా కాదు. చర్మం ఒకసారి దాన్ని పగవాడిగా గుర్తుపట్టిందంటే జన్మలో మరచిపోదు. ఇక ఆ తర్వాత ఒక్క చుక్క తగిలినా పొక్కిపోతుంది. పాత చుక్క ఒకటి కొత్త నూనెలో కలిస్తే అదీ తొందరగా చెడుతుంది, పులిసిన మజ్జిగ చుక్క పాలలో పడినట్టు. ఇదంతా ఆమెకు నాకు చేతనైనంత తేలికగా చెప్పాను.

ఆమె విన్నది. సీసా మూత గట్టిగా బిగించింది. తర్వాత, "అయితే నేనే ఇసం రాసిన్నా మేడం దానికి?" అంది.

నాకు అబద్ధాలు రావు. వచ్చినా ఆ ముఖం చూసి చెప్పలేను. "ఇసం కాదక్కా. పాడైన నూనె. పసిపిల్లలకు మంచి నూనె కూడ వాసనది రాయొద్దు. పిల్లకు తగ్గుతది, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను.

తన చేతుల సంగతి ఆమె అడగలేదు. చర్మ డాక్టరు చెప్పాడు. ఆ నూనె ముట్టకూడదు, తొక్క ఒలవకూడదు, పచ్చి నిమ్మకాయ కూడా జాగ్రత్త. పనంతా మానేసినా చేతులు మానడానికి నెలలు పడుతుంది. అంతదాకా మందు రాసి గుడ్డ చుట్టుకోవాలి. పిల్లను ముట్టవద్దు.

పిల్లను తీసుకుపోవడానికి జమున వచ్చే రోజు అంతకన్నా దగ్గర్లో ఉంది.

సరోజన రబ్బరు తొడుగులు తెచ్చుకుని ఆ రోజే మరకల పనికి కూర్చుంది. బట్ట ఆగదు కదా. సంత్ర నూనె వదిలి మళ్లీ పెట్రోలే తీసింది. కాసేపటికి తొడుగులు ఉబ్బి, సాగి, వేళ్లకు అతుక్కున్నాయి. వాటిని పీకి అవతల పారేసింది. "పోనియ్ మేడం, ఇగ నాతోని అయితలేదు," అంది. కన్నీళ్లు లేవు. ఆ మాటలో ఉన్నదంతా అలసటే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. గాలి మీద కోపం తెచ్చుకుంటే ఏం లాభం?

వనజ తల్లిని ఒక మాట అంది. పొక్కులు చూసిన భయంలో అంది. "అవ్వా, ఇగ నువ్వు దాన్ని ముట్టకే." ఇరవై ఏళ్ల కింద అన్న మాట లాంటిదే, ఈసారి తెలిసి అంది. అన్న వెంటనే నాలుక కరుచుకుంది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి పోతుందా? సరోజన, "లేదు బిడ్డా, ముట్ట," అని లోపలికి పోయింది.

కొన్నిరోజులు పిల్లకు స్నానమే సరిగా లేదు. వనజ మంచం మీద కూర్చుని తడిగుడ్డతో తుడిచేది. నీళ్లు పోసే ముసలమ్మను పిలవమని వాడవాళ్లు అన్నారు. సరోజన ఎవరినీ పిలవలేదు. పిల్ల పొక్కులు తగ్గిపోయాయి. ఒళ్లంతా మళ్లీ నున్నగా అయింది. సరోజన తలుపు దగ్గర నిలబడి చూసేది, చేతులు కొంగులో పెట్టుకుని.

ఒకరోజు పొద్దున షిఫ్టు దిగి ఆమె భర్త లింగమూర్తి ఇంటికి వచ్చాడు. సాంచెల మీద పనిచేసే మనిషి. కూతురు పుట్టినప్పుడు ఎత్తుకున్నాడో లేదో ఆయనకే గుర్తులేదు. షిఫ్టు, నిద్ర, షిఫ్టు. వచ్చినవాడు అన్నానికి కూర్చోలేదు. బోరింగు దగ్గరికి పోయి శనగపిండి పెట్టి మోచేతుల దాకా చేతులు తోముకున్నాడు. ఒకసారి కాదు, పిండి అయిపోయేదాకా. తర్వాత లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్లు చాపాడు.

"తే బిడ్డా పొల్లను," అన్నాడు వనజతో.

వనజ నోరు తెరిచి చూసింది. "నువ్వా బాపూ?"

"ఏం, నాకు కాళ్లు లేవా?"

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. మగవాడు పసిపిల్లకు నీళ్లు పోయడం మా వాడలో ఎవరూ చూసి ఉండరు. నేను ఆ నవ్విన గోడ వైపు ఒక చూపు చూశాను. కాలేజీలో వెనక బెంచీలను చూసే చూపు. నవ్వు ఆగింది.

పిల్లను ఆయన కాళ్ల మీద పడుకోబెట్టారు. ఆయనకు ఎట్లా పట్టుకోవాలో తెలియదు. అరచేతులు గట్టివి, పిల్ల మెత్తగా ఉంది. పిల్ల జారుతుందేమోనని మోకాళ్లు దగ్గరికి నొక్కాడు. సరోజన నాలుగడుగుల దూరంలో నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "మెడ కింద చెయ్యి పెట్టు. గట్ల కాదు. మెడ కింద!" ఆయనకు వినపడలేదు. ముప్పై ఏళ్ల సాంచెల చప్పుడుకు రెండు చెవులూ సగం పోయాయి. ఆమె గట్టిగా అరిచింది. ఆ అరుపుకు పిల్ల ఉలిక్కిపడి గుక్కపెట్టింది. ఆయన గాభరాగా భార్య వైపు చూశాడు.

సరోజన అరవడం ఆపింది. కొంగులోంచి రెండు చేతులూ బయటికి తీసింది, గుడ్డలు చుట్టి ఉన్న చేతులు. పెళ్లైన కొత్తలో ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేశారు. ఆయన సాంచె నడిపేవాడు, ఆమె దారపు కండెలు చుట్టేది. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందని, కండె అయిపోయిందని, అన్నం తిన్నావా అని. ఆమె గాలిలో చేయి చాపి, అరచెయ్యి గిన్నెలాగా చేసి చూపించింది. ఆయన పిల్ల మెడ కింద అట్లాగే పెట్టాడు. ఆమె గాలిలోనే వీపు నిమిరింది, ఆయన నిమిరాడు. ఆమె చెంబు వంచినట్టు వంచింది, ఆయన నీళ్లు పోశాడు. ఆమె బొటనవేలితో మెల్లగా తొడలు రుద్దింది, మోకాలి మడతల్లో వేలు పెట్టి తిప్పింది, పాదాలు పట్టుకుని లాగింది. ఆమె ముందు ఏమీ లేదు. ఆయన చూపు ఆమె చేతుల మీంచి కదలలేదు. పిల్ల ఏడుపు ఆపి ఆవలించింది. వనజ గుంజకు ఆనుకుని ఏడుస్తోంది. నాకూ కళ్లు తడిశాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

నీళ్లు అయిపోయాయి. లింగమూర్తికి ధైర్యం వచ్చినట్టుంది, పిల్లను రెండు చేతులతో పైకెత్తి, మరిచిపోయి, నవ్వుతూ సరోజనకు అందించబోయాడు.

ఆమె చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి. పిల్లకు జానెడు దూరంలో ఆగాయి. ఆమె వాటిని వెనక్కి లాక్కుని కొంగులో చుట్టేసుకుంది.

"తుడువు," అంది మెల్లగా. "చెవుల ఎనుక తడి ఉంటది."

ఆయనకు వినపడలేదు. ఆమె మళ్లీ చేతులు బయటికి తీసి, తన చెవి వెనకే తుడుచుకుని చూపించింది.